హైవే ఫేసింగ్ ప్లాటు సరే.. రోడ్డెక్కే హక్కు ఉందా? కడప జిల్లా రహదారుల వెంట నిర్మాణాలకు నిబంధనలేంటి?

‘హైవే ఫేసింగ్.. కమర్షియల్ బిట్.. స్పాట్ రిజిస్ట్రేషన్’. ఈ మాటలున్న ప్రకటన మీ ఫోన్‌లోనో, రోడ్డు పక్కన బోర్డు మీదో కనిపించని వారం ఉండదు. కడప జిల్లాలో ఇలాంటి బోర్డులకు అనువైన దారులు చాలానే ఉన్నాయి. పెన్నా ఒడ్డున ఉన్న చెన్నూరు మీదుగా కర్నూలు-కడప జాతీయ రహదారి 40 వెళ్తుంది. మైదుకూరు దగ్గర జాతీయ రహదారి 67 దాన్ని కలుస్తుంది. అది ఒకవైపు ప్రొద్దుటూరు, జమ్మలమడుగు మీదుగా తాడిపత్రికి, మరోవైపు బద్వేలు మీదుగా నెల్లూరుకు పోతుంది.

సాధారణంగా ఇలాంటి రోడ్డు పక్కన సెంటు స్థలానికి, లోపలి వీధిలో సెంటుకన్నా ఎక్కువ అడుగుతారు. ఆ ఎక్కువ డబ్బు దేనికి ఇస్తున్నట్టు? రోడ్డు కనిపిస్తుందనా? రోడ్డెక్కొచ్చనా? చూడ్డానికి రెండూ ఒకటే అనిపిస్తాయి కానీ, చట్టం దృష్టిలో కావు. జాతీయ రహదారి పక్కన మీకు భూమి ఉన్నంత మాత్రాన, అందులోకి నేరుగా దారి తీసుకునే హక్కు దానంతట అదే రాదు. అమ్మేవాళ్లు ఎక్కువగా చెప్పనిది ఇదే.

మరి హైవే పక్కన ప్రైవేటు స్థలంలో ఏం కట్టొచ్చు? ఎంత దూరంలో కట్టాలి? గేటు ఎటు పెట్టాలి? ఎవరి అనుమతి కావాలి? ఈ మధ్య నిబంధనల్లో ఏం మారింది? ఒక్కొక్కటిగా చూద్దాం.

ఇప్పుడే ఈ చర్చ ఎందుకు?

మొదటి కారణం, జిల్లాకు వస్తున్న ప్రాజెక్టులు. కడప సమీపంలోని కొప్పర్తిలో 2,596 ఎకరాల్లో పారిశ్రామిక నగరానికి కేంద్ర మంత్రివర్గం 2024 ఆగస్టులో ఆమోదం తెలిపింది. బద్వేలు నుంచి నెల్లూరుకు 108 కిలోమీటర్ల నాలుగు వరుసల రహదారికి 2025 మేలో ఆమోదం వచ్చింది. దాని అంచనా వ్యయం రూ.3,653 కోట్లు. బెంగళూరు-విజయవాడ ఆరు వరుసల కారిడార్ కూడా ఈ జిల్లా మీదుగానే వెళ్తోంది. రోడ్డు కంటే ముందే దాని పక్కన వెంచర్లు వస్తాయని మనకు తెలిసిందే.

రెండోది, మారుతున్న నిబంధనలు. 2025 జనవరిలో రాష్ట్ర ప్రభుత్వం భవన నిర్మాణ, లేఅవుట్ నిబంధనలను సవరించింది. జాతీయ, రాష్ట్ర రహదారులను ఆనుకున్న స్థలాల్లో సర్వీస్ రోడ్డు ఏర్పాటు విషయంలో డెవలపర్లకు వెసులుబాటు ఇచ్చింది. అదే ఏడాది నాలా చట్టం రద్దుకు కూడా నిర్ణయం తీసుకుంది. సాగుభూమిని ఇతర అవసరాలకు మార్చుకోవడానికి 2006 నుంచి ఉన్న చట్టం అది. దాని స్థానంలో భూమి విలువలో 4 శాతం బాహ్య అభివృద్ధి చార్జీ వచ్చింది. అంటే పొలం ప్లాటుగా మారడం ఇప్పుడు మునుపటికన్నా తేలిక.

మూడోది ప్రాణాలకు సంబంధించినది. 2022లో దేశవ్యాప్తంగా రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. మొత్తం రోడ్ల పొడవులో జాతీయ రహదారుల వాటా సుమారు 2 శాతమే. మరణాల్లో మాత్రం వాటి వాటా 36 శాతం. 2025 నవంబరులో రాజస్థాన్‌లోని ఫలోదీ దగ్గర ధాబా పక్కన ఆగి ఉన్న ట్రైలర్‌ను టెంపో ట్రావెలర్ ఢీకొని 15 మంది మరణించారు. ఆ తర్వాత సుప్రీంకోర్టు ఈ అంశాన్ని తనంతట తానే విచారణకు తీసుకుని, హైవేల పక్కన వెలిసిన ధాబాల పరిస్థితిపై నివేదిక అడిగింది. రోడ్డు పక్కన ఏ కట్టడం, ఎక్కడ, ఎలా ఉండాలన్నది అందచందాలకు సంబంధించిన విషయం మాత్రమే కాదని ఆ ఒక్క ప్రమాదమే చెబుతోంది.

ఒకే రోడ్డు.. ఎవరి పరిధి ఎంత?

హైవే మీద నిలబడి అడ్డంగా ఒక గీత గీశారనుకోండి. ఆ గీత మీద కనీసం మూడు వ్యవస్థలకు అధికారం ఉంటుంది.

రోడ్డు, దాని కోసం సేకరించిన భూమి కేంద్రానివి. రోడ్డు పక్కన ఖాళీగా కనిపించే జాగా కూడా చాలావరకు ఇందులోకే వస్తుంది. జాతీయ రహదారుల (భూమి, ట్రాఫిక్ నియంత్రణ) చట్టం, 2002 దీనికి వర్తిస్తుంది. ఇక్కడ బడ్డీ పెట్టినా, షెడ్డు వేసినా, ర్యాంపు పోసినా ఆక్రమణే. నోటీసు ఇచ్చి తొలగించవచ్చు. మీరు తొలగించకపోతే వాళ్లే తీసేసి, ఖర్చు మీ దగ్గరే వసూలు చేయవచ్చు.

ఆ హద్దు దాటాక మొదలయ్యేది మీ పట్టా భూమి. అందులో ఏం కట్టాలో, ఎంత ఎత్తు కట్టాలో చెప్పేది రాష్ట్ర నిబంధనలు. వీటిలో ముఖ్యమైనవి ఆంధ్రప్రదేశ్ భవన నిర్మాణ నిబంధనలు-2017, అదే ఏడాది వచ్చిన లేఅవుట్ నిబంధనలు. ఆ తర్వాత రెండింటికీ సవరణలు వచ్చాయి.

వాటిని అమలుచేసేది స్థానిక సంస్థలు. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల లాంటి చోట్ల మున్సిపాలిటీ. పట్టణాల బయట అయితే కడప కేంద్రంగా ఉన్న అన్నమయ్య పట్టణాభివృద్ధి సంస్థ. ఆ సంస్థ పరిధిలోకి రాని గ్రామాల్లో పంచాయతీతో పాటు పట్టణ, గ్రామీణ ప్రణాళిక విభాగం సాంకేతిక అనుమతి కావాలి. ‘పంచాయతీ తీర్మానం ఉంది సార్’ అన్న ఒక్క మాటతో లేఅవుట్ చట్టబద్ధం కాదు.

చిక్కంతా ఇక్కడే ఉంది. రోడ్డు చూసుకునేవారికి మీ భవనంతో పనిలేదు. భవనానికి అనుమతి ఇచ్చేవారికి మీ గేటు హైవేలోకి ఎలా తెరుచుకుంటుందన్నది ప్రధానం కాదు. ఇద్దరి మధ్య మిగిలిపోయేది ఆ గేటు ముందు పది, పదిహేను మీటర్ల జాగా. ప్రమాదాలు జరిగేదీ, తగాదాలు వచ్చేదీ అక్కడే.

40 మీటర్లు, 75 మీటర్లు.. ఏమిటీ లెక్క?

హైవేల రూపకల్పనకు ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రమాణాలను పాటిస్తారు. వాటిలో రెండు గీతల ప్రస్తావన ఉంది. ఒకటి బిల్డింగ్ లైన్, రెండోది కంట్రోల్ లైన్.

ఊళ్ల బయట, మైదాన ప్రాంతంలో జాతీయ రహదారికి బిల్డింగ్ లైన్ల మధ్య మొత్తం వెడల్పు 80 మీటర్లు. అంటే రోడ్డు మధ్య గీత నుంచి ఒక్కోవైపు 40 మీటర్లు. ఈ గీత లోపల భవనం రాకూడదు. కంట్రోల్ లైన్ల మధ్య వెడల్పు 150 మీటర్లు, అంటే ఒక్కోవైపు 75 మీటర్లు. 40కి, 75కి మధ్య కట్టుకోవచ్చు కానీ నియంత్రణ ఉంటుంది. ఊరి లోపల, ఇళ్లున్న చోట లెక్క వేరు. అక్కడ రోడ్డు హద్దు నుంచి భవనానికి 3 నుంచి 6 మీటర్ల దూరం సూచించారు.

ఇది మీ ప్లాటుకు ఎలా వర్తిస్తుందో ఒక ఉదాహరణతో చూద్దాం. ఊరి బయట ఒకచోట హైవే భూమి వెడల్పు 45 మీటర్లు ఉందనుకుందాం. మధ్య గీత నుంచి రోడ్డు హద్దుకు 22.5 మీటర్లు. బిల్డింగ్ లైన్ 40 మీటర్ల దగ్గర ఉంది. అంటే రోడ్డు హద్దు దాటాక ఇంకో 17.5 మీటర్లు, దాదాపు 57 అడుగులు, మీ భూమే అయినా ఆ ప్రమాణం ప్రకారం అందులో భవనం రాకూడదు. మీరు రోడ్డును ఆనుకుని 40 అడుగుల ముఖం, 60 అడుగుల లోతు ఉన్న ప్లాటు కొన్నారనుకోండి. సుమారు ఐదున్నర సెంట్లు. ఆ 60 అడుగుల్లో 57 అడుగులు పోతే మిగిలేది మూడడుగులు. గోడ కట్టుకోవడానికి తప్ప ఎందుకూ పనికిరాదు.

అదే హైవే భూమి వెడల్పు 60 మీటర్లు ఉంటే, మీ స్థలంలో వదలాల్సింది 10 మీటర్లు, అంటే సుమారు 33 అడుగులు. కాబట్టి ప్లాటు కొలతలు మాత్రమే తెలిస్తే చాలదు. ఆ చోట హైవే భూమి ఎంత వెడల్పు సేకరించారో, మీ ప్లాటు రోడ్డు మధ్య గీత నుంచి ఎంత దూరంలో మొదలవుతుందో కూడా తెలియాలి. ఈ సంఖ్యలు రోడ్డు డిజైన్ ప్రమాణాలు. మీ స్థలానికి చివరికి వర్తించే దూరం ఎంతన్నది అనుమతి ఇచ్చే సంస్థ మంజూరు ప్లానులో ఉంటుంది. దాన్ని కాగితం మీద చూడకుండా అడ్వాన్సు ఇవ్వొద్దు.

చెన్నూరు లాంటి చోట ఇంకో గీత కూడా చూడాలి. అది నీటిది. భవన నిబంధనల ప్రకారం నది అంచు నుంచి మున్సిపల్ హద్దుల బయట 100 మీటర్లు, లోపల 50 మీటర్లు కట్టడాలు లేకుండా వదలాలి. 10 మీటర్లకు మించి వెడల్పున్న కాలువకు, వాగుకు 9 మీటర్లు వదలాలి. ఒకవైపు పెన్నా, మరోవైపు కేసీ కాలువ ఆయకట్టు ఉన్న నేల మీద ఈ లెక్క చిన్నదేమీ కాదు.

గేటు పెట్టాలంటే ఎవరిని అడగాలి?

2002 చట్టంలోని 28వ సెక్షన్ సూటిగా ఉంటుంది. వాహనంతో గానీ, ఐదుగురు లేదా అంతకన్నా ఎక్కువ మంది గుంపుగా నడిచి గానీ హైవేలోకి వచ్చే హక్కు ఎవరికీ దానంతట అది లేదు. హైవే అడ్మినిస్ట్రేషన్ సాధారణంగానో, ప్రత్యేకంగానో అనుమతిస్తేనే ఉంటుంది.

ఆ అనుమతి ఎలా ఇవ్వాలో కేంద్ర రోడ్డు రవాణా శాఖ 2020 జూన్‌లో మార్గదర్శకాలు ఇచ్చింది. పెట్రోలు బంకులు, విశ్రాంతి సముదాయాలు, ప్రైవేటు స్థలాలు, వచ్చి కలిసే రోడ్లు అన్నీ ఇందులోకి వస్తాయి. వాటి సారం మూడు మాటల్లో చెప్పొచ్చు. ఒకటి, సర్వీస్ రోడ్డు ఉన్నచోట దారి దాని నుంచే తీసుకోవాలి. రెండు, పక్కపక్కనే ఉన్న స్థలాలకు విడివిడిగా గేట్లు కాకుండా ఉమ్మడి దారి ఉండాలి. మూడు, నేరుగా దారి ఇవ్వాల్సి వస్తే, వచ్చే బండి వేగం తగ్గించుకోవడానికి ఒక లేన్, వెళ్లే బండి వేగం అందుకోవడానికి ఇంకో లేన్ కట్టాలి.

పెట్రోలు బంకుల ముందు రోడ్డు కాస్త వెడల్పుగా, ఏటవాలుగా ఉండటం మీరు గమనించే ఉంటారు. అది బంకు యజమాని సరదాకు వేసుకున్నది కాదు, అనుమతిలో షరతు. మరి ఫంక్షన్ హాలు, గోదాము, షోరూము, స్కూలు ముందు అలాంటిది ఎందుకు కనిపించదు? చాలాచోట్ల ఆ అనుమతి ఎవరూ అడగరు, ఎవరూ తీసుకోరు. బంకుకు లైసెన్సు ఇచ్చేటప్పుడు ఆ కాగితం అడుగుతారు కాబట్టి అక్కడ పని జరుగుతుంది. మిగతావాటికీ భవన అనుమతి సమయంలోనే అదే కాగితం అడిగితే సగం సమస్య అక్కడే తీరుతుంది.

ఇంకో విషయం. బెంగళూరు-విజయవాడ కారిడార్ లాంటివి యాక్సెస్ కంట్రోల్డ్ రోడ్లు. వాటిలోకి ఇంటర్‌చేంజ్‌ల దగ్గర తప్ప ఎక్కడా ఎక్కలేరు, దిగలేరు. ఆ రోడ్డు పక్కన ‘హైవే ఫేసింగ్’ ప్లాటు అంటే కంచె అవతల వెళ్లే బండ్లను చూస్తూ కూర్చోవడమే. అక్కడ విలువ ఉండేది ఇంటర్‌చేంజ్‌కు ఎంత దగ్గర అన్నదానికి. రోడ్డు ఎంత దగ్గర అన్నదానికి కాదు.

సర్వీస్ రోడ్డు వెసులుబాటు.. మంచిదా, చెడ్డదా?

2025 సవరణల్లో ఎక్కువ ఆలోచించాల్సింది ఈ అంశమే. హైవేను ఆనుకుని లేఅవుట్ వేసేవారు తమ స్థలంలో కొంత సర్వీస్ రోడ్డుకు వదలాలన్న నిబంధనపై డెవలపర్లు చాలాకాలంగా అభ్యంతరం చెబుతూ వచ్చారు. అందులో న్యాయం లేకపోలేదు.

రెండెకరాల రైతు హైవే పక్కన ఉన్న తన పొలాన్ని ప్లాట్లు చేశాడనుకోండి. ముఖం వైపు ఒక పట్టీ మొత్తం రోడ్డుకు వదిలాడు. పక్క పొలం ఇంకా సాగులోనే ఉంది. అవతల పక్కన పాత గోదాము ఉంది, వాళ్లు అంగుళం కూడా వదల్లేదు. అప్పుడు ఈ రైతు వదిలిన సర్వీస్ రోడ్డు ఎక్కడ మొదలవుతుంది? అతని ప్రహరీ దగ్గరే. ఎక్కడ ముగుస్తుంది? అవతలి ప్రహరీ దగ్గరే. అటూ ఇటూ కలవని ముక్క అది. కొన్నాళ్లకు అందులో లారీలు ఆగుతాయి, లేదా ఎవరో షెడ్డు వేస్తారు. భూమి పోయింది, రోడ్డు రాలేదు.

అందుకే ఆ నిబంధనను సడలించడంలో తర్కం ఉంది. కానీ నిబంధన సడలినంత మాత్రాన అవసరం తీరిపోలేదు. సర్వీస్ రోడ్డు లేని వెంచర్‌లో ఉండేవారు కూరగాయలకు, బడికి, ఆసుపత్రికి వెళ్లాలి కదా. దారి లేకపోతే హైవే అంచునే రాంగ్ రూట్‌లో బైకు నడుపుతారు. అర కిలోమీటరు చుట్టూ తిరిగి రావడం ఇష్టంలేక డివైడర్‌లో సందు చూసుకుని దాటుతారు. ఆ సందును కాంక్రీటుతో మూసేస్తే పక్కనే ఇంకోటి తెరుస్తారు. డెవలపర్‌కు మిగిలిన స్థలం ఖరీదు, అక్కడ నడిచేవారి మీదా బండి తోలేవారి మీదా పడుతుంది.

లేఅవుట్‌లో లోపలి రోడ్ల వెడల్పును 12 మీటర్ల నుంచి 9 మీటర్లకు తగ్గించే వెసులుబాటు కూడా ఆ సవరణల్లోనే వచ్చింది. ఇళ్ల మధ్య వీధికి 9 మీటర్లు సరిపోవచ్చు. కానీ హైవేకు సమాంతరంగా వెనక ఒక రోడ్డు ఉండి, అది ఈ వెంచర్ నుంచి పక్క వెంచర్‌కు, అక్కడి నుంచి ఊరికి కలవాలంటే ఆ ఒక్క రోడ్డయినా వెడల్పుగా ఉండాలి. ఏ వెంచర్‌కు ఆ వెంచర్ విడిగా అనుమతి తీసుకుంటే ఆ రోడ్డు ఎప్పటికీ రాదు.

అంటే లోపం నిబంధన కఠినంగా ఉండటంలోనో, సులువుగా ఉండటంలోనో లేదు. సర్వీస్ రోడ్డు ప్లాటు ప్లాటుకూ పుట్టదు. ముందు ఎవరో ఒకరు మొత్తం కారిడార్‌కు గీత గీయాలి. తర్వాత వచ్చే ప్రతి వెంచర్ ఆ గీతకు కలుపుకోవాలి. ఆ ‘ఎవరో ఒకరు’ పట్టణాభివృద్ధి సంస్థే కావాలి, ఎందుకంటే మాస్టర్ ప్లాన్ గీసే అధికారం దానిదే.

హైదరాబాద్ ఓఆర్‌ఆర్ ఏం నేర్పింది?

ఇది కొత్త ఆలోచన కాదు. 158 కిలోమీటర్ల హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు కోసం ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం 2008లోనే ప్రత్యేక నిబంధనలు తెచ్చింది. రోడ్డుకు ఇరువైపులా కిలోమీటరు వెడల్పున ఉన్న పట్టీని గ్రోత్ కారిడార్‌గా ప్రకటించింది. ప్రధాన రోడ్డెక్కేది ఇంటర్‌చేంజ్‌ల దగ్గర మాత్రమే. పక్కన సర్వీస్ రోడ్డు. కారిడార్ లోపల గళ్లగళ్లుగా గ్రిడ్ రోడ్లు ముందే మ్యాపు మీద గీశారు. అనుమతికి వచ్చే డెవలపర్ తన స్థలంలో పడే గ్రిడ్ రోడ్డు భాగాన్ని వదలాలి.

అన్నీ సవ్యంగా జరిగాయని కాదు. కొన్నిచోట్ల గ్రిడ్ రోడ్లు ఇంకా కాగితం మీదే ఉన్నాయి. అయినా ఒక తేడా ఉంది. స్థలం కొనే మనిషి ముందే మ్యాపు చూసి, ఇక్కడ రోడ్డు పడుతుంది, ఇక్కడ పడదు అని తెలుసుకోగలడు. వదిలిన ముక్క రేపు ఇంకో ముక్కతో కలుస్తుందన్న నమ్మకం ఉంటుంది. కడప-మైదుకూరు, మైదుకూరు-ప్రొద్దుటూరు దారులకు ఓఆర్‌ఆర్ అంత పెద్ద వ్యవహారం అక్కర్లేదు. కిలోమీటరు పట్టీ కూడా అక్కర్లేదు. కానీ ఆ మ్యాపు మాత్రం కావాలి.

చెన్నూరు కారిడార్‌కు మార్గదర్శకాలు రాస్తే ఏం ఉండాలి?

డిజైన్ గైడ్‌లైన్స్ అనగానే భవనాలకు ఒకే రంగు, ఒకే రకం బోర్డులు అనుకుంటాం. హైవే పక్కన అవసరం అంతకన్నా మౌలికమైనది.

• వెనక రోడ్డు ముందు: హైవేకు సమాంతరంగా ఒక రోడ్డును ముందే మ్యాపులో గీయాలి. ప్రతి లేఅవుట్ రోడ్డు దానికి కలవాలి. ముఖం వైపు చోటు లేని పాత గోదాములు, ఇళ్లు ఉన్నచోట ఈ వెనక రోడ్డే సర్వీస్ రోడ్డు అవుతుంది.

• ఉమ్మడి దారులు: హైవేలోకి దారి ఎక్కడెక్కడ ఇస్తారో ముందే గుర్తించాలి. ఆ చోట్లు తప్ప మిగతాచోట్ల గేటు ఉండకూడదు.

• పార్కింగ్ వెనక: దుకాణం ముఖం రోడ్డు వైపు ఉండొచ్చు, బండ్లు మాత్రం వెనకో పక్కనో ఆగాలి. ధాబా అయితే లారీలు హైవే భూమి బయటే నిలిచేంత జాగా చూపించాకే అనుమతి ఇవ్వాలి.

• కాలిబాట, బస్ బే, దాటే చోటు: మూడూ ఒకేచోట కలవాలి. బస్సు ఒకచోట ఆగి, దాటే చోటు అర కిలోమీటరు అవతల ఉంటే జనం బస్సు ఆగినచోటే దాటుతారు.

• నీళ్ల దారి: హైవే కట్ట మీద ఉంటుంది. దాని కింద కల్వర్టుల గుండా వాన నీళ్లు పోతాయి. కల్వర్టు అవతల పొలాన్ని మట్టి పోసి ఎత్తు చేసి ప్లాట్లు వేస్తే, ఇవతలి పొలాలు, ఇళ్లు మునుగుతాయి. ప్రతి వెంచర్ కల్వర్టు నుంచి కాలువ దాకా నీటి దారి చూపించాలి.

• చెట్ల పట్టీ: బిల్డింగ్ లైన్ వరకు వదిలే జాగా ఎవరికీ పనికిరాని ఖాళీగా మిగిలితే ఆక్రమణ ఖాయం. దాన్ని చెట్లకు, కేబుళ్లకు, పైపులకు కేటాయిస్తే అదే కాపలా అవుతుంది.

డబ్బు ఎక్కడిది అంటారా? భూమి విలువలో 4 శాతం బాహ్య అభివృద్ధి చార్జీ కడుతున్నారు కదా. పేరులోనే ఉంది, వెంచర్ బయట చేయాల్సిన అభివృద్ధికి అని. హైవే పక్కన వసూలైన మొత్తంలో కొంతయినా ఆ కారిడార్ రోడ్డుకే ఖర్చుపెట్టాలని షరతు ఉంటే, కట్టేవారికీ అర్థం ఉంటుంది. చిన్న రైతు వదిలే భూమికి బదులుగా టీడీఆర్ బాండు ఇచ్చే పద్ధతి కూడా రాష్ట్రంలో ఉంది. ఊరి బయట అది ఎంత అమ్ముడుపోతుందన్నది వేరే ప్రశ్న. అందుకే ముందు డబ్బు, తర్వాత బాండు అన్న వరస మేలు.

కొనేముందు మీరు చూడాల్సినవి

1. ఎల్‌పీ నంబరు: లేఅవుట్‌కు అనుమతి ఉందా? ఇచ్చింది ఎవరు? 500 చదరపు మీటర్లకు మించినా, 8 ప్లాట్లకు మించినా రెరా రిజిస్ట్రేషన్ తప్పనిసరి. నంబరు అడిగి ఏపీ రెరా వెబ్‌సైట్‌లో మీరే చూసుకోండి.

2. మంజూరు ప్లానులో దారి: బ్రోచర్‌లో బొమ్మ కాదు, ముద్ర ఉన్న ప్లాను చూడండి. మీ ప్లాటుకు దారి ఏ రోడ్డు నుంచి చూపించారు? హైవే నుంచి అయితే, హైవే అధికారుల అనుమతి ప్రతి అడగండి. ‘తర్వాత వస్తుంది’ అంటే ప్రస్తుతానికి లేదన్నట్టే.

3. మధ్య గీత నుంచి దూరం: సర్వేయర్‌తో రోడ్డు మధ్య నుంచి మీ ప్లాటు హద్దుకు కొలిపించండి. బిల్డింగ్ లైన్ ఎక్కడ పడుతుందో నేల మీద గుర్తు పెట్టించండి.

4. భూసేకరణ నోటిఫికేషన్లు: రోడ్డు విస్తరణకు జాతీయ రహదారుల చట్టం 1956 కింద ముందుగా 3ఏ, తర్వాత 3డి నోటిఫికేషన్లు వస్తాయి. వాటిలో సర్వే నంబర్లు ఉంటాయి. 3ఏ వచ్చిన 21 రోజుల్లోగా అభ్యంతరం చెప్పొచ్చు. 3డి వచ్చాక ఆ భూమి కేంద్రానిదవుతుంది. మీ సర్వే నంబరు అందులో ఉందేమో చూడండి.

5. 22ఏ జాబితా, ఈసీ, అడంగల్: ఏ స్థలానికైనా చూసేవే. హైవే పక్కన వాగు పోరంబోకు, రోడ్డు పోరంబోకు కలిసే అవకాశం ఎక్కువ కాబట్టి ఇంకాస్త జాగ్రత్తగా చూడండి.

6. వానాకాలంలో ఒకసారి: కుదిరితే వాన పడ్డ మర్నాడు వెళ్లి చూడండి. కల్వర్టు నీళ్లు ఎటు పోతున్నాయో ఏ డాక్యుమెంటులోనూ ఉండదు.

ఇప్పటికే కొన్నవారి సంగతేంటి?

అనుమతి లేని లేఅవుట్‌లలోని ప్లాట్ల కోసం 2025లో రాష్ట్ర ప్రభుత్వం క్రమబద్ధీకరణ పథకం తెచ్చింది. అయితే ఒకటి గుర్తుంచుకోండి. ఎల్‌ఆర్‌ఎస్ మీ ప్లాటును క్రమబద్ధం చేస్తుంది, మీ గేటును కాదు. హైవేలోకి దారి విషయం మళ్లీ హైవే అధికారుల చేతుల్లోనే ఉంటుంది.

అందుకే ఇప్పటికే ఇళ్లున్నచోట విడివిడిగా తిరగడంకన్నా పది, ఇరవై మంది యజమానులు కలిసి ఒక ఉమ్మడి దారికి దరఖాస్తు చేయడం మేలు. 2020 మార్గదర్శకాలు కోరుతున్నదీ అదే. తలా నాలుగడుగులు వదిలితే లోపల ఒక దారి ఏర్పడుతుంది. ఆ నాలుగడుగుల దగ్గరే పంచాయితీ వస్తుందన్నది నిజమే. కానీ రేపు డివైడర్ మూసేస్తే, ముందున్న రోడ్డు ఫ్లైఓవర్ ఎక్కితే నష్టపోయేది అందరూ.

ఎవరిని అడగాలి?

పట్టణంలో ఉంటే మీ వార్డు సచివాలయంలోని ప్లానింగ్ కార్యదర్శి దగ్గర మొదలుపెట్టండి. పట్టణం బయట ఉంటే పట్టణాభివృద్ధి సంస్థ కార్యాలయం. హైవే భూమి, దారి అనుమతి విషయాలకు ఆ రోడ్డు ఎవరి నిర్వహణలో ఉందో బట్టి ఎన్‌హెచ్‌ఏఐ ప్రాజెక్టు కార్యాలయం, లేదా ఆర్ అండ్ బీ జాతీయ రహదారుల విభాగం. రోడ్డు మీద ప్రమాదకరంగా ఏదైనా కనిపిస్తే 1033కు ఫోన్ చేయొచ్చు.

సమాధానం రాకపోతే సమాచార హక్కు చట్టం ఉంది. మూడు ప్రశ్నలు చాలు. ఈ సర్వే నంబరు దగ్గర హైవే భూమి వెడల్పు ఎంత? ఈ వెంచర్‌కు హైవేలోకి దారి అనుమతి ఇచ్చారా? ఈ కారిడార్‌కు మాస్టర్ ప్లాన్‌లో సమాంతర రోడ్డు గీశారా? 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి.

మూడో ప్రశ్నకు ‘లేదు’ అని జవాబు వస్తే నిరాశపడొద్దు. మాస్టర్ ప్లాన్ ముసాయిదా మీద ప్రజల అభ్యంతరాలు, సూచనలు తీసుకోవడం చట్టంలో ఉన్నదే. ఇప్పుడు రోడ్డు పక్కన చాలావరకు పొలమే ఉంది. గీత గీయడానికి ఖర్చయ్యేది కాగితం, సిరా. పదేళ్ల తర్వాత అదే గీత గీయాలంటే ఇళ్లు కూల్చాలి, పరిహారం ఇవ్వాలి, కోర్టుల చుట్టూ తిరగాలి. ఆ ఖర్చు ఎలాగూ మన పన్నుల్లోంచే వస్తుంది. కాబట్టి ముసాయిదా బయటికి వచ్చిన రోజున మీ సర్వే నంబరు ఒక్కటే కాదు, దాని వెనక రోడ్డు ఉందో లేదో కూడా చూడండి.